సారు వదిలిన ఖాళీలు

సారు పోయారన్న సంగతి నాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. సంగారెడ్డి బస్సు దిగి పాసు తీయబోతుంటే, ముత్తంగి నుంచి రోజూ సైకిల్ మీద వచ్చే మా ఫిట్టరు లోపలికి పోకుండా గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. నా కోసమే ఆగాడని దగ్గరికి పోయేదాకా తెలియలేదు.

"సారు లేడు బిడ్డా. తెల్లారంగ పోయిండట. చర్చిల గంట కొట్టిన్రు," అన్నాడు.

సైరను మోగింది. ఆలస్యమైతే ఫోర్‌మన్‌తో మాట పడాలి. అయినా నేను కండ్లు తుడుచుకునేదాకా సైకిలు హ్యాండిలు పట్టుకొని అక్కడే ఉన్నాడు.

సారు మీలో ఎవరికీ తెలిసి ఉండరు. ఆయన పేరు ఏ పేపర్లోనూ పడలేదు. పటాన్‌చెరు చర్చి వెనక ఒక గది కిరాయికి తీసుకొని ఒంటరిగా ఉండేవారు. భార్య ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. అయినా మా ఫ్యాక్టరీలో తయారై సైన్యానికి పోయే ప్రతి పెట్టెలోనూ ఆయన చేతి రాత నుంచి వచ్చిన కాయితం ఒకటి ఉంటుంది. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా ఫ్యాక్టరీకి ఒక ఫ్రెంచి కంపెనీతో ఒప్పందం ఉంది. వాళ్ల డిజైను, మన తయారీ. డ్రాయింగులు, పుస్తకాలు చెక్కపెట్టెల్లో వచ్చేవి, అన్నీ ఫ్రెంచిలోనే. మా ఇంజనీర్లది ఇంగ్లీషు చదువు. షాపులో, అంటే మిషన్ల షెడ్డులో, పనిచేసేవాళ్లు తెలుగు, ఉర్దూ మాట్లాడతారు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటారు. ఆ ఫ్రెంచిని ఇంగ్లీషులోకి మార్చడం సారు పని. స్ప్రింగు, మూత, ఫ్యూజు, పిన్ను, వాటిని ఏ వరసలో బిగించాలి, ఏది ముందు విప్పితే ప్రమాదం, అన్నీ ఆయన చేతుల మీదుగానే షాపుకు పోయేవి.

ఆయనకు ఫ్రెంచి ఎట్లా వచ్చిందంటే, యానాంలో పెరిగారు కాబట్టి. అప్పుడది ఫ్రెంచివాళ్ల ఊరు. బడిలో ఆ భాషే. పెద్దయ్యాక వాళ్ల సైన్యంలో గుమాస్తాగా వియత్నాంలోని సైగాను దాకా పోయి వచ్చారు. కొత్తలో నేను ఉత్సాహంగా యుద్ధం గురించి అడిగాను. "నేను యుద్ధం చూడలేదండీ. గోడౌనులో కూర్చుని బూట్లు లెక్కపెట్టానండీ. ఎడమవి ఎక్కువొచ్చేవి," అన్నారు. ఆ మాట నవ్వించడానికి అన్నారో నిజంగానే అన్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

నాకు ఒకచోట కుదురుండేది కాదు. బీయెస్సీ అయ్యాక నాలుగు నెలలు బళ్లో పాఠాలు చెప్పిన, వదిలేసిన. రేడియోకు దరఖాస్తు పెట్టిన, జవాబు రాలేదు. హైదరాబాద్‌లో సాయంత్రం క్లాసులకు పోయి ఫ్రెంచి సర్టిఫికెట్టు తెచ్చుకున్న. ఆ సర్టిఫికెట్టు చూసే ఫ్యాక్టరీవాళ్లు నన్ను సారుకు సహాయంగా తీసుకున్నారు. ఆర్నెల్లకోసారి ఆర్డరు పొడిగించే ఉద్యోగం. ఇది కూడా పోతే ఇగ పెళ్లే అని ఇంట్లో ముందే చెప్పి పెట్టారు.

మొదటి రోజు సారు నాకొక పేజీ ఇచ్చారు. డిక్షనరీ పక్కన పెట్టుకొని అరగంటలో పూర్తి చేసి, గర్వంగా ఆయన ముందు పెట్టాను. దారంతో మెడకు కట్టుకున్న కండ్లజోడు పైకెత్తి నెమ్మదిగా చదివారు. తప్పు చూపిస్తారనుకున్నాను.

"బాగా రాశారండీ అమ్మాయిగారూ. ఇందులో ఇరవై వస్తువులున్నాయి. మీరు కళ్లారా చూసినవి ఎన్నండీ?"

"చూసుడెందుకు సార్? డిక్షనరీ ఉంది కద."

"ఆ డిక్షనరీ రాసినాయన కూడా మన షాపులోకి రాలేదండీ," అన్నారు. గొడుగు తీసుకొని లేచారు.

ఆఫీసు నుంచి షాపు దాకా ఎండలో పది నిమిషాల నడక. అప్పటిదాకా అటువైపు ఆడమనిషి పోలేదు. మిషన్లు ఒక్కొక్కటే ఆగుతుంటే అందరూ చూస్తున్నారు, ఎవరో వెనక నుంచి ఈల వేశారు. సారు వెనక్కి కూడా తిరగలేదు. నేరుగా ఫిట్టరు దగ్గరికి తీసుకుపోయి, "ఈవిడ మా సెక్షనండీ. వస్తువులు చూడ్డానికొస్తారు. అడిగింది చూపించండి చాలు," అన్నారు. ఫిట్టరును కూడా 'అండీ' అనేవారాయన. మేనేజరుకు ఎన్ని అండీలో స్వీపరుకు కూడా అన్నే.

ఫిట్టరు నా చేతిలోని కాయితం చూసి, పనిముట్ల పెట్టెలో నుంచి ఒక చిన్న ఇనుప పుల్ల తీసి నా అరచేతిలో పెట్టాడు. "ఏంది బిడ్డా, గింత సదువు సదివి స్ప్లిట్ పిన్ను సూడలేదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. దాన్ని ఫ్రెంచిలో గూపీయ్ అంటారని చెప్పాను, ఏదో ఒకటి చెప్పి నిలబడాలని. ఆ మాట వాళ్లకు ఎంత నచ్చిందో, వారం తిరిగేసరికి షాపంతా "గూపీ తేవోయ్" అనడం మొదలైంది. ఇప్పటికీ అంటారు.

సారు పనితీరు అదే. చూడని వస్తువుకు ఇంగ్లీషు పేరు పెట్టేవారు కాదు. ప్రతి మాటకూ ఒక అట్టముక్క ఉండేది. పాత డబ్బాల అట్టలు సమానంగా కత్తిరించి తయారుచేసేవారు. ముందువైపు ఫ్రెంచి మాట, కింద ఇంగ్లీషు మాట. వెనకవైపు ఆ వస్తువు బొమ్మ, దాన్ని చూపించిన మనిషి పేరు. ఇంజనీరు చూపిస్తే ఇంజనీరు పేరు, ఖలాసీ చూపిస్తే ఖలాసీ పేరు. వస్తువు చేతికిస్తే ముందు కండ్లు మూసుకొని తడిమేవారు, తర్వాతే చూసేవారు. పనివాళ్లతో మాట్లాడేటప్పుడు ఎవరు స్టూలు వేసినా కూర్చునేవారు కాదు. "వాళ్లు నిలబడి పనిచేస్తుంటే మనం కూర్చుని పేర్లు పెడతామా అండీ?" అనేవారు.

వస్తువు ఇంకా రాకపోతే, చూపించేవాళ్లు లేకపోతే, ఆ మాట దగ్గర ఖాళీ వదిలి కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసేవారు. ఆయన పంపిన ప్రతి పుస్తకంలోనూ అక్కడక్కడా ఆ ఎర్ర గీతలుండేవి. మా సెక్షన్ ఆఫీసరుకు అవి కంట్లో నలుసులా ఉండేవి. పరీక్షలో రాని ప్రశ్న వదిలేసిన పిల్లగాడి కాయితంలాగ ఉందని వెక్కిరించేవాడు. సారు నొచ్చుకునేవారు కాదు. "ఖాళీ అబద్ధం చెప్పదండీ," అనేవారు.

నేను చేరిన కొత్తలో తెలంగాణ, ఆంధ్ర గొడవల వేడి ఇంకా పోలేదు. క్యాంటీన్లో కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఒక బల్ల దగ్గర, మావాళ్లు ఒక బల్ల దగ్గర. ఒకరోజు ఎవరో సారును చూసి, ఆంధ్రోళ్లు ఫ్రెంచి దాకా పోయి ఉద్యోగాలు పట్టుకొచ్చిన్రని వినబడేట్టు అన్నారు. సారు టిఫిన్ డబ్బా పట్టుకొని అతని పక్కనే కూర్చున్నారు. "నన్ను ఆంధ్రా వాళ్లు కూడా తమవాడనుకోరండీ. మాది యానాం. మమ్మల్ని మ్యాపులో వెతుక్కోవాలి," అని, డబ్బా తెరిచి చేపల పులుసు అతని పళ్లెంలో ఇంత వడ్డించారు. పులుసు బాగుందని ఒప్పుకోవడానికి ఆ మనిషికి వారం పట్టింది.

ఆయనకు తన పుట్టినరోజు తెలియదు. తల్లి ఆయన్ను చంకనెత్తుకొని పక్కూరి నుంచి యానాం వచ్చిందట. తుఫాను వచ్చిన ఏడు, మామిడికాయల కాలం అన్నది తప్ప ఆమెకూ ఇంకేం గుర్తులేదు. బళ్లో చేర్చేటప్పుడు పంతులు ఒక తేదీ వేశాడు. ఇక్కడ ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ కాయితం దొరకక గుమాస్తా ఇంకొక తేదీ వేశాడు. "ఖాళీ ఉంచమని బతిమాలానండీ. ఫారం ఒప్పుకోదన్నాడు. నా జన్మలో నేను కాదనకుండా ఊరుకున్న ఊహ అదొక్కటేనండీ," అని నవ్వేవారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. అది చెప్పకుండా ఆయన గురించి ఎంత మంచి రాసినా సగమే రాసినట్టు.

ఒక కొత్త పరికరం వచ్చింది. ఇనుప పెట్టెలో బలమైన స్ప్రింగు, దాని మీద మూత. ఎట్లా తెరవాలో చెప్పే పుస్తకం సారు ఇంగ్లీషు చేశారు. ఒకచోట, మూత మరలు విప్పే ముందు ఫలానా వస్తువును తగిలించాలని ఉంది. ఆ ఫలానా వస్తువు పేరు మా దగ్గరున్న మూడు డిక్షనరీల్లోనూ లేదు. వస్తువేమో బొంబాయి రేవులో ఆగిపోయిన ఇంకో పెట్టెలో ఉంది. సారు యథాప్రకారం ఖాళీ వదిలి, ఎర్ర గీత గీసి, చెల్లెలికి బాగాలేదని ఉత్తరం వస్తే మూడు రోజులు యానాం పోయారు.

ఆయన అటు పోగానే ఢిల్లీ నుంచి తనిఖీవాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. ఆఫీసరు నన్ను పిలిచి, ఆ పుస్తకం శుభ్రంగా మళ్లీ టైపు చేయమన్నాడు. ఒక్క ఖాళీ కూడా కనబడొద్దన్నాడు. వచ్చే నెల నా ఆర్డరు ఆయన బల్ల మీదికే వస్తుందన్న సంగతి ఆయన అనలేదు, నాకు గుర్తుచేయాల్సిన పనీ లేదు.

నేను ఏదో ఒక పేరు ఊహించి రాయలేదు. అంతవరకు సారు దగ్గర నేర్చుకున్నాను. కానీ దానికన్నా చెడ్డ పని చేశాను. తెలియని వస్తువున్న ఆ వాక్యం మొత్తం తీసేసి, పైవాక్యాన్ని కిందివాక్యానికి కలిపి టైపు చేశాను. మరలు విప్పండి, మూత తీయండి. పేజీ ఎంత అందంగా వచ్చిందో. కోత పడిన జాడ లేదు. ఆఫీసరు మెచ్చుకున్నాడు. కాయితాలు షాపుకు పోయాయి.

మర్నాడు సారు వచ్చారు, చెల్లెలికి నయమైందట. గొడుగు మూలకు పెట్టకముందే చెప్పేశాను. చెప్పకుండా ఉండగలిగేదాన్ని కాదు. ముందురోజంతా అన్నం సయించలేదు.

ఆయన అరవలేదు. మొహం పాలిపోయింది. "మీరు చేసింది తప్పేనండీ. చిన్నది కూడా కాదు," అన్నారు. మొదటిసారి అమ్మాయిగారూ అనకుండా మాట్లాడారు. "నాతో చెప్పారు, సరే. నాకొక్కడికే చెబితే అది ఈ గదిలోనే ఉండిపోద్దండీ. రండి, షాపులో చెబుదురుగాని."

ఆ పది నిమిషాల నడక ఆయన ఐదు నిమిషాల్లో నడిచారు. గొడుగు కూడా మరిచిపోయారు. వెనక నేను దాదాపు పరుగెత్తాను. షెడ్డులోకి పోయేసరికి బల్ల మీద ఇనుప పెట్టె, దాని చుట్టూ ఆరుగురు మనుషులు.

పెట్టె తెరవలేదు. నేను టైపు చేసిన కాయితం దాని మీదే ఉంది, ఎగరకుండా ఒక పెద్ద నట్టు బరువు పెట్టి. ఫిట్టరు చేతులు కట్టుకొని పక్కన నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచి ఫోర్‌మన్ జల్దీ చెయ్యమని పరేషాన్ చేస్తున్నా మరలు విప్పే పాన కూడా ముట్టుకోలేదట.

ఎందుకని సారు అడిగారు.

"సారు కాయితంల యాడనో ఒకచోట ఎర్ర గీత ఉంటది. ఆడ ఆగుతం, మిమ్ముల పిలుస్తం. గిది మొదట్నుంచి ఆఖరు దాక సదివించుకున్న. ఒక్క గీత లేదు. కొత్త సామాన్ల గింత సాఫుగ మా సారుకు అన్నీ ఎట్ల ఎరకైతయి? గిది సారు కాయితం కాదని చెయ్యి పెట్టలే."

అప్పుడు చూశాను, సారు కూర్చున్నారు. పనివాళ్ల ముందు ఎప్పుడూ కూర్చోని మనిషి అక్కడున్న స్టూలు మీద కూలబడి, జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. తర్వాత నా వైపు చూశారు.

ఆరుగురి ముందు నేనే చెప్పాను. "గీత ఉన్న మాట నేనే తీసేసిన. సారుకు తెల్వది. ఉద్యోగం పోతదని భయపడ్డ." ఫిట్టరు ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు. "ఇగ అయిపాయె. జెర చాయ్ తాగు బిడ్డా," అన్నాడు.

ఆఫీసరు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. తనిఖీవాళ్ల ముందు పరికరం తెరవలేకపోయినందుకు నా మీద మెమో రాశాడు, నా ఆర్డరు పొడిగించొద్దని పైకి రాశాడు. సారు నన్ను వెనకేసుకు రాలేదు. జవాబు నన్నే రాయమన్నారు, ఒక్క ముక్క దాచకుండా. దాని కింద తనది వేరే కాయితం పెట్టారు. తప్పు జరిగిన మాట నిజమేనని, అయితే ఖాళీలు ఉండకూడదన్న హుకుం మీద జరిగిందని, ఇక మీదట ఖాళీలు వదలడానికి వీల్లేకపోతే పుస్తకాల మీద తన పేరు తీసేయమని అందులో ఉంది. ఆయన అప్పటికే రిటైరై, ఏడాదికోసారి పొడిగింపు మీద పనిచేస్తున్నారు. ఆ కాయితం పెట్టడమంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు.

మేనేజరు రెండు కాయితాలూ చదివాడు. ఎర్ర గీత ఉన్నచోట ఎవరూ చెరపొద్దని, వస్తువు చూసేదాకా షాపు ఆగాలని రాతపూర్వకంగా ఆర్డరు వచ్చింది. నా ఉద్యోగం నిలిచింది. సారుకు ఆ ఏడు ఏడాదికి బదులు ఆర్నెల్లే ఇచ్చారు. ఆ కాయితం నాకు చూపించి, "మీదీ ఆర్నెల్లు, నాదీ ఆర్నెల్లు. ఇప్పుడు మనిద్దరం ఒకే గ్రేడండీ అమ్మాయిగారూ," అన్నారు. ఆ పిలుపు మళ్లీ వచ్చినందుకు నేను ఏడ్చాను. ఆర్నెల్లకు మించి ఒకచోట కూర్చోవాలని నాకు జీవితంలో మొదటిసారి అనిపించింది కూడా ఆ రోజే.

కొన్నాళ్లకు బొంబాయి పెట్టె వచ్చింది. ఆ వస్తువు ఇంతా చేసి ఒక వంపు తిరిగిన ఇనుప పట్టీ. పాలక్యాను మూతకు ఉండే కొక్కెం లాంటిది, కాస్త బలమైంది. అది తగిలించకుండా తెరిస్తే ఏమవుతుందో చూద్దామని, ఫిట్టరు అందర్నీ గోడ చాటుకు పంపి, పొడుగు కడ్డీతో ఆఖరి మర వదులు చేశాడు. మూత ఎగిరి పైకప్పు రేకుకు తగిలింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. షెడ్డులోకి పోయినప్పుడల్లా నేను పైకి చూస్తాను. ఆ బల్ల మీదికి వంగి పనిచేసే మనిషి తల ఎక్కడుంటుందో నాకు తెలుసు.

సారు ఆ రోజు కొత్త అట్టముక్క తీశారు. ముందు పేరు రాశారు, వెనక బొమ్మ గీశారు. చూపించినవారు అన్నచోట ఫిట్టరు పేరు రాసి, పెన్ను ఒక్క క్షణం ఆపి, దాని కింద నా పేరు రాశారు. నేను చూపించింది ఏమీ లేదన్నాను. "అది తగిలించకపోతే ఏమవుద్దో మీవల్లే చూశామండీ," అన్నారు. వేళాకోళం చేస్తున్నారేమోనని మొహంలోకి చూశాను. లేదు.

ఆర్నెల్ల తర్వాత సారు ఉద్యోగం ముగించుకొని వెళ్లిపోయారు. అట్టముక్కల సొరుగులు, సగం అరిగిన ఎర్ర పెన్సిలు నాకు వదిలి. ఆదివారాలు ఆయన గదికి పోయి తెలియని మాటలు అడిగేదాన్ని. ఆయనకూ తెలియకపోతే సంతోషంగా తల ఊపి, "అయితే ఫిట్టరుగారి దగ్గరికే పదండి," అనేవారు. కిందటి నెలలో అడిగిన మాటకు కూడా అదే జవాబు. దగ్గుతూ చెప్పారు.

ఆదివారం చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక జరిగింది. సారు గురించి నాలుగు మాటలు టైపు చేసి ఇమ్మని పాస్టరుగారు నన్ను అడిగారు. ఫలానా నాడు జన్మించారు అని మొదలుపెట్టాలట, అదే పద్ధతి. నేను ఫలానా దగ్గర ఖాళీ వదిలాను. చర్చి సంఘ పెద్ద ఒకాయన అది చూసి, "గిట్ల సందు ఉంటే మంచిగ కనబడదమ్మా. ఆఫీసుల తేదీ ఉంటది కద, ఏసెయ్యరాదు?" అన్నారు. ఆ తేదీ సారుది కాదని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. పాస్టరుగారు కాయితం తీసుకొని ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. నేను సంచిలో నుంచి ఎర్ర పెన్సిలు తీసి, కాయితం పాస్టరుగారి చేతిలో ఉండగానే ఆ ఖాళీ కింద గీత గీశాను.

చర్చి నిండింది. క్యాంటీన్లో పులుసు తిన్నాయన కూడా వచ్చాడు. షాపువాళ్లు వెనక బల్లల మీద, తలలు దువ్వుకొని, కొత్త చుట్టాల్లాగా బిగుసుకొని కూర్చున్నారు. ఫిట్టరు మాత్రం లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, చేతిలో సైకిలు తాళం. అది ఆడిస్తూ ఉండడం అతని అలవాటు.

పాస్టరుగారు లేచి సారు పేరు చదివారు. తండ్రి పేరు, ఊరి పేరు చదివారు. ఆ తర్వాత గీత వచ్చింది. దాటేస్తారనుకున్నాను. ఆయన ఆగారు. కాయితం కొంచెం కిందికి దించి, ఎదురుగా చూస్తూ ఊరికే నిలబడ్డారు. సంఘ పెద్ద ముందు వరసలో కదిలి, మళ్లీ సర్దుకున్నారు.

నేను వెనక్కి తిరిగి చూశాను. గుమ్మం దగ్గర తాళం ఆడడం ఆగిపోయింది. ఫిట్టరు చేతులు కట్టుకొని, ఆ రోజు ఇనుప పెట్టె పక్కన నిలబడ్డట్టే, కదలకుండా నిలబడి ఉన్నాడు.